మెనూ పేజీకి జేక్వెరీ చాలా, రియాక్ట్ నేర్చుకోవాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బెంగళూరు మారతహళ్లిలో మీ అక్క కర్రీ పాయింట్ నడుపుతున్నారు. మీకు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ వచ్చు కాబట్టి నలభై వంటకాలతో ఒక మెనూ పేజీ తయారుచేశారు. దానికి ఇంకో మూడు హంగులు కావాలి. వంటకం పేరు నొక్కితే కింద వివరం తెరుచుకోవాలి. పైన వెతికే పెట్టె ఉండాలి. ఎన్ని ప్యాకెట్లో ఎంచుకుంటే మొత్తం ఎంతో చూపించి, ఆర్డర్ అక్క వాట్సాప్‌కి వెళ్లాలి. రూమ్మేట్ రియాక్ట్ నేర్చుకోమన్నాడు, ఆఫీసులో సీనియర్ జేక్వెరీ ఎప్పుడో చచ్చిపోయిందన్నాడు (రెండూ లైబ్రరీలు, అంటే పేజీకి కదలిక తెచ్చే జావాస్క్రిప్ట్ భాషలో ముందే రాసిపెట్టిన కోడ్). ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. నలభై వంటకాల పేజీకి రియాక్ట్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఉద్యోగం కోసం నేర్చుకోవాలంటే విడిగా నేర్చుకోండి, తప్పకుండా పనికొస్తుంది. కానీ అక్క పేజీని దానికి ప్రయోగశాల చేయకండి. ఇక జేక్వెరీ చచ్చిపోలేదు. ఈరోజుకీ వెబ్‌లో సగానికి పైగా సైట్లలో ఉంది, సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్‌తో పాటే వస్తుంది. మీ సీనియర్ చెప్పదలచుకున్నది బహుశా వేరే విషయం: దాని అవసరం తగ్గింది. అది నిజం. ఎందుకు తగ్గిందో తెలిస్తే మీ నిర్ణయం మీరే తీసుకోగలరు.

నేను 2009లో అనంతపురం నుంచి బెంగళూరు వచ్చాను. బీటీఎంలో ఒక పీజీ, జయనగర్‌లో ఒక చిన్న ఆఫీసు. అప్పట్లో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 నడిచేది. బటన్ నొక్కితే ఏదో జరగాలి అని రాయాలంటే ఫైర్‌ఫాక్స్‌కి ఒక పద్ధతి, ఎక్స్‌ప్లోరర్‌కి ఇంకో పద్ధతి. ఒకే పనికి రెండుసార్లు రాసి, మూడో బ్రౌజర్‌లో ఏమవుతుందో అని టెన్షన్ పడేవాళ్లం. జాన్ రెసిగ్ 2006 జనవరిలో న్యూయార్క్‌లో జేక్వెరీని బయటపెట్టింది ఈ బాధ తీర్చడానికే. పేజీలో ఏ ముక్క కావాలో సీఎస్ఎస్‌లో రాసినట్టే రాస్తే అది వెతికి పట్టుకుంటుంది, ఏం చేయాలో చెప్తే అన్ని బ్రౌజర్లలో ఒకేలా చేస్తుంది. ఆ ఆలోచన ఎంత బాగుందంటే తర్వాత బ్రౌజర్లే దాన్ని తమలో కలుపుకున్నాయి. ఇప్పుడు క్వెరీ‌సెలెక్టర్, క్లాస్‌లిస్ట్, ఫెచ్ (ముక్కని వెతకడం, దాని క్లాస్ మార్చడం, సర్వర్‌ని అడగడం) అన్నీ బ్రౌజర్‌లోనే ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్ 11కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సెలవిచ్చేసింది. పేజీల రూపానికి చాలామంది వాడే బూట్‌స్ట్రాప్ 2021లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి జేక్వెరీని వదిలేసింది.

కాబట్టి మీ పేజీ జేక్వెరీ లేకుండానూ రాయొచ్చు, ఉండీ రాయొచ్చు. మీకు జావాస్క్రిప్ట్ కొత్త అంటున్నారు కాబట్టి జేక్వెరీతోనే మొదలుపెట్టమంటాను. తక్కువ రాతలో పని అవుతుంది, మధ్యలో నిరుత్సాహం రాదు. కుదించిన ఫైలు సర్వర్ నుంచి వచ్చేది సుమారు 30 కేబీ. మీ పేజీలో గుత్తి వంకాయ ఫొటో ఒక్కటే దానికి పదింతలు ఉంటుంది, పేజీ బరువు తగ్గించాలంటే ముందు దాని సంగతి చూడండి.

లైబ్రరీ ఏదన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. స్క్రిప్ట్ రాకపోతే మీ పేజీ ఏమవుతుంది అన్నది మొదటిది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో నిలబడి, సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు పేజీ తెరిచిన మనిషిని ఊహించుకోండి. హెచ్‌టీఎంఎల్ వచ్చింది, స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయింది. అతనికి మెనూ, ధరలు, ఫోన్ నంబరు కనిపించాలి. పోపు లేకపోయినా పప్పన్నం తినొచ్చు, పప్పు లేకుండా పోపు ఏం చేసుకుంటాం? ముందు పేజీని స్క్రిప్ట్ లేకుండా పనిచేసేలా చేసి, ఆ తర్వాత పోపు పెట్టండి. మీ మూడు హంగుల్నీ ఈ వరసలోనే చూస్తాను.

మొదటిది, వివరం తెరుచుకోవడం. దీనికి స్క్రిప్టే అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్‌లో డీటెయిల్స్ అనే ట్యాగ్ ఉంది, దాని లోపల సమ్మరీ అనే ట్యాగ్. సమ్మరీలో వంటకం పేరు, ధర పెట్టండి. కింద ఏమేం వేశారు, కారం ఎంత, ఎంతమందికి సరిపోతుంది అనేది రాయండి. అంతే, నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. కీబోర్డుతో పనిచేస్తుంది, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కీ అర్థమవుతుంది. ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకోవాలంటే అన్ని డీటెయిల్స్ ట్యాగులకీ ఒకే నేమ్ ఇవ్వండి, ఈమధ్య వచ్చిన బ్రౌజర్లు అది కూడా చూసుకుంటాయి. పాత బ్రౌజర్‌లో రెండూ తెరిచే ఉంటాయి, దానివల్ల నష్టమేమీ లేదు.

లేదండీ, మెల్లగా జారుతూ తెరుచుకుంటేనే బాగుంటుంది అంటారా, అప్పుడు జేక్వెరీలో స్లైడ్‌టాగుల్ వాడండి. ఇక్కడ కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. ఒక వంటకానికి ఐడీ ఇచ్చి రాస్తారు, పనిచేస్తుంది. ఆ ముక్కనే నలభైసార్లు కాపీ కొడతారు, ఐడీ మార్చడం మరిచిపోతారు. ఇప్పుడు ఏది నొక్కినా మొదటి వంటకమే తెరుచుకుంటుంది. ఐడీ అంటే ఆధార్ నంబరు లాంటిది, పేజీలో ఒక్కరికే ఉండాలి. నలభైమందికీ వర్తించేది క్లాస్. క్లాస్‌తో పట్టుకున్నాక, నొక్కింది ఏదో ఆ ఒక్కదాని వివరమే తెరవాలంటే, ఫంక్షన్ లోపల దిస్ అనే మాట నొక్కిన బటన్‌ని సూచిస్తుంది. అక్కడి నుంచి క్లోజెస్ట్‌తో పైకెక్కి ఆ వంటకం డబ్బాని పట్టుకోండి, మళ్లీ ఫైండ్‌తో కిందికి దిగి వివరాన్ని పట్టుకోండి. పైకెక్కి కిందికి దిగడం అనే ఈ ఒక్క కదలిక వస్తే జేక్వెరీలో సగం వచ్చినట్టే.

ఇంకో రెండు చిక్కులు. జేక్వెరీ డౌన్‌లోడ్ పేజీలో స్లిమ్ అని చిన్న ఫైలు ఉంటుంది. చిన్నది కదా అని తీసుకుంటే అందులో యానిమేషన్లు, అజాక్స్ (పేజీ మార్చకుండానే సర్వర్‌ని అడగడం) ఉండవు. స్లైడ్‌టాగుల్ ఫంక్షనే కాదని ఎర్రర్ వస్తుంది, మీరేమో మీ రాతలో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చుంటారు. రెండోది మన తెలుగుకే వచ్చేది. జారేటప్పుడు జేక్వెరీ ఆ డబ్బాలో పొంగిన భాగాన్ని దాచేస్తుంది. లైన్ హైట్ ఇరుకుగా పెట్టి ఉంటే చివరి వరసలో ఒత్తులు తెగిపోయి కనిపిస్తాయి. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్లలో కొన్నిటికి 1.2 ఉంటుంది. తెలుగుకి 1.6 పెట్టండి, కింద కొంచెం ప్యాడింగ్ ఇవ్వండి.

నొక్కేదాన్ని డివ్‌గా కాకుండా నిజమైన బటన్ ట్యాగ్‌గా రాయండి. డివ్‌కి క్లిక్ తగిలిస్తే మౌస్‌కి పనిచేస్తుంది గానీ కీబోర్డుకి పనిచేయదు.

రెండోది వెతికే పెట్టె. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇంగ్లీషులో దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు పేజీల కోసం రాసినవి. వాటిని అలాగే తెచ్చి తెలుగు మెనూకి అతికిస్తే పనిచేస్తున్నట్టే ఉంటుంది, అక్క కస్టమర్‌కి మాత్రం ఏమీ దొరకదు.

పద్ధతి మామూలే. పెట్టెలో అక్షరం పడగానే ఆ మాట తీసుకోవాలి, ప్రతి వంటకం పేరులో అది ఉందో లేదో చూడాలి, ఉంటే చూపించాలి, లేకపోతే దాచాలి. జేక్వెరీలో టాగుల్‌కి అవును, కాదు ఇస్తే చూపించడం, దాచడం రెండూ అదే చేస్తుంది. చాలా పాఠాల్లో దీన్ని కీఅప్‌కి, అంటే మీట వదిలినప్పుడు పలికే ఈవెంట్‌కి తగిలించమంటారు. వద్దు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు, మాటలతో టైపు చేయడం, కాపీ చేసి అతికించడం, ఇవేవీ మీట నొక్కి వదిలినట్టు ఉండవు. ఆండ్రాయిడ్‌లో చాలాసార్లు ఏ మీట నొక్కినా 229 అనే ఒకే సంఖ్య వస్తుంది. ఇన్‌పుట్ అనే ఈవెంట్‌కి తగిలించండి. పెట్టెలో ఉన్నది ఎలా మారినా అది పలుకుతుంది.

టైపు చేయడం ఆపాక 300 మిల్లీసెకన్లు ఆగి వెతకమని కూడా రాస్తారు. ప్రతి అక్షరానికీ సర్వర్‌ని అడిగేటప్పుడు అది అవసరం. మీ నలభై వంటకాలూ పేజీలోనే ఉన్నాయి, వెంటనే వెతకండి.

అసలు చిక్కు పోల్చడంలో ఉంది. మీ మెనూలో ఫ్రైడ్‌రైస్ అని కలిపి రాశారనుకోండి. డకి పొల్లు వచ్చి పక్కనే ర ఉంది కాబట్టి, అది ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. కస్టమర్ ఆ గుర్తు లేకుండానో, మధ్యలో ఖాళీ వదిలో కొడతాడు. కంటికి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కి మూడూ మూడు వేర్వేరు మాటలు. అందుకే పోల్చే ముందు రెండువైపులా ఆ గుర్తునీ, ఖాళీలనీ తీసేయండి.

తర్వాత దీర్ఘాలు. ఒకరు ఇడ్లీ అని కొడతారు, ఒకరు ఇడ్లి అని. సాంబార్, సాంబారు, సాంబర్ మూడూ రాసేవాళ్లున్నారు. స్పెల్లింగ్ నేర్పడం కర్రీ పాయింట్ పని కాదు కదా. దీర్ఘాలన్నిటినీ హ్రస్వాలు చేసేయండి, గుణింతంలో దీర్ఘం తలకట్టు అయిపోవాలి. ప్రతి మాట చివర పొల్లు గానీ ఉకారం గానీ ఉంటే తీసేయండి. ఇప్పుడు పై మూడు సాంబార్లూ ఒకటే అవుతాయి. దీనివల్ల అప్పుడప్పుడూ అక్కర్లేని వంటకం ఒకటి ఎక్కువ కనిపిస్తుంది. కనిపించనివ్వండి. వచ్చిన మనిషి ఏమీ దొరక్క వెళ్లిపోవడం కంటే అదే నయం. ఒక మాట, ఇలా కుదించిన రూపం పోల్చడానికి మాత్రమే. దాన్ని ప్రతి వంటకానికీ ఒక డేటా గుణంగా (ట్యాగ్‌లో డేటా అని మొదలయ్యే అట్రిబ్యూట్) దాచుకోండి, తెర మీద చూపే పేరుని ముట్టుకోవద్దు.

మీరున్నది బెంగళూరు, కాబట్టి ఇంకో మెట్టు ఎక్కాలి. మీ అక్క దగ్గర కూర కట్టించుకునేవాళ్లలో కన్నడ కీబోర్డు వాడేవాళ్లు ఉంటారు. ఇక్కడ మనకో అదృష్టం ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి 3072 నుంచి 3199 వరకు చోటిచ్చారు, ఆ వెంటనే 3200 నుంచి 3327 వరకు కన్నడకిచ్చారు. రెండింట్లోనూ అక్షరాలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. తెలుగు క ఎక్కడుందో దానికి సరిగ్గా 128 అవతల కన్నడ క ఉంటుంది. అంటే కన్నడలో కొట్టిన ప్రతి అక్షరం సంఖ్యలోంచి 128 తీసేస్తే తెలుగు అక్షరం వచ్చేస్తుంది. నాలుగు వరసల కోడ్. మొదటిసారి ఇది పనిచేయడం చూసినప్పుడు నేను పక్క సీటు కన్నడ మిత్రుడిని లేపి మరీ చూపించాను.

లిపి మారుతుంది గానీ మాట మారదు కదా. చారుని వాళ్లు సారు అంటారు, బీరకాయ హీరేకాయి, వంకాయ బదనెకాయి, గోంగూరని ఉత్తర కర్ణాటక వైపు పుండి సొప్పు అంటారు. ఇలాంటివి లెక్కతో తేలవు, చేత్తో రాయాల్సిందే. వంటకం డబ్బాకి వెతుకుడు మాటలు అని ఒక డేటా గుణం పెట్టి అందులో కన్నడ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి రెండు స్పెల్లింగులు రాసేయండి. నలభై వంటకాలకి ఒక సాయంత్రం పని, అక్కని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా తొందరగా అవుతుంది. కస్టమర్లు ఏ పేరుతో అడుగుతారో ఆవిడకి తెలిసినట్టు మనకెవరికీ తెలియదు.

ఏమీ దొరకనప్పుడు ఖాళీ పేజీ చూపించకండి. ఈరోజు లేదు, ఫోన్ చేసి అడగండి అని నంబరుతో ఒక వాక్యం కనిపించాలి.

తెలుగు సంగతి ఎత్తాం కాబట్టి ఇంకొకటి ఇక్కడే చెప్పేస్తాను. ఆర్డర్ ఫారంలో పేరు పెట్టెకి పది అక్షరాల హద్దు పెట్టారని అనుకుందాం. శ్రీలక్ష్మి అన్న పేరు మనకి మూడక్షరాలు. కంప్యూటర్ పొల్లునీ, గుడినీ, ఒత్తునీ విడివిడిగా లెక్కేసి 11 అంటుంది. చివరి గుడి ఎగిరిపోయి శ్రీలక్ష్మ అవుతుంది. హద్దు పెట్టాలనుకుంటే ధారాళంగా 60 పెట్టండి.

మూడోది లెక్క, ఆర్డర్. ఇందులో అందరూ పడే గుంత: పెట్టెలోంచి తీసుకున్నది జేక్వెరీ మీకు అంకెగా కాకుండా అక్షరాలుగా ఇస్తుంది. 60 రూపాయల పప్పు, 60 రూపాయల వేపుడు కూడితే 120 రాదు, 6060 వస్తుంది. రెండింటినీ పక్కపక్కన అతికించేస్తుందన్నమాట. కూడే ముందు నంబర్‌తో అంకెగా మార్చుకోండి. ధరని తెర మీద కనిపించే రాతలోంచి ఏరుకోకుండా, డబ్బాకి డేటా గుణంగా విడిగా పెట్టండి. రేపు అక్క ధర పక్కన కామా పెట్టినా, రూపాయి గుర్తు మార్చినా మీ లెక్క చెడదు.

లెక్క ఎక్కడ వేయాలి? ప్లస్ నొక్కితే ఇంత కలుపు, మైనస్ నొక్కితే ఇంత తీసెయ్యి అని రాయాలనిపిస్తుంది. అలా రాస్తే ఎక్కడో ఒకచోట తేడా పడి, ఆ తేడా అలాగే మోసుకుంటూ పోతుంది. ఏది మారినా మొదటి నుంచి అన్నీ కలిపి కొత్తగా లెక్కేసే ఒకే ఫంక్షన్ రాయండి. నలభై వంటకాలు కలపడం ఫోన్‌కి కన్నార్పేంత పని కూడా కాదు.

ఆర్డర్ పంపడానికి మీకు సర్వర్ అక్కర్లేదు. వాట్సాప్‌కి డబ్ల్యూఏ చుక్క ఎంఈ అనే లింకు పద్ధతి ఉంది. దాని వెనక 91తో మొదలయ్యే నంబరు, ప్లస్ గుర్తు లేకుండా, ముందు సున్నా లేకుండా. ఆ తర్వాత టెక్స్ట్ అని పంపాల్సిన మాట. స్క్రిప్ట్ చేయాల్సిందల్లా లెక్క మారినప్పుడల్లా ఆ లింకులో మాటని మార్చడం. లింకు మాత్రం హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచండి, మాట లేకుండా. స్క్రిప్ట్ రాకపోయినా నొక్కితే అక్క వాట్సాప్ తెరుచుకుంటుంది, మనిషి చేత్తో టైపు చేసుకుంటాడు. ఇందాక చెప్పిన పప్పు, పోపు ఇదే. స్క్రిప్ట్‌తో కొత్త విండో తెరిపించే పద్ధతి కంటే ఇది మేలు, బ్రౌజర్ దాన్ని పాపప్ అనుకుని అడ్డుకునే గొడవ ఉండదు.

మాటని లింకులో పెట్టే ముందు ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్ అనే ఫంక్షన్‌లోంచి పంపడం మరిచిపోవద్దు. మా చుట్టాలావిడ పచ్చళ్ల పేజీకి నేనిది మరిచిపోయాను. ఒక కాంబో పేరులో మామిడికాయకీ ఉసిరికాయకీ మధ్య అండ్ గుర్తు ఉంది. లింకులో ఆ గుర్తుకి వేరే అర్థం, అక్కడితో మాట అయిపోయిందని. ఆర్డర్ మామిడికాయ దగ్గర తెగిపోయి వచ్చేది, కింద అడ్రసు కూడా ఉండేది కాదు. ఆవిడ వారం రోజులు కస్టమర్లకి ఫోన్ చేసి అడ్రసు అడుగుతూ, వీళ్లెవరికీ అడ్రసు రాయడం రాదా అని తిట్టుకుంది. ఆ పేరు లేని ఆర్డర్లు బాగానే వచ్చేవి కాబట్టి నాకు వెంటనే తట్టలేదు. ఆ ఫంక్షన్ వాడితే కొత్త వరసలు, ఖాళీలు, గుర్తులు అన్నీ సరిగ్గా వెళ్తాయి. దాంతో తెలుగులో ఒక్కో గుర్తూ లింకులో తొమ్మిది అక్షరాలంత అవుతుంది కాబట్టి, వంటకం పేరు, ఎన్ని, మొత్తం మాత్రం పంపండి. వివరణలు వద్దు.

ఇంకో మాట. ఎఫ్12 నొక్కి, బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి పేజీలో ధర మార్చుకోవడం స్కూలు పిల్లలకి కూడా తెలుసు. పేజీలో కనిపించే మొత్తం కస్టమర్ సౌకర్యం కోసమే. మీ పద్ధతిలో అక్క మెసేజ్ చూసి ఒప్పుకున్నాకే కట్టిస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. రేపు ఆన్‌లైన్ చెల్లింపు పెట్టే ఆలోచన ఉంటే మాత్రం, మొత్తాన్ని సర్వర్‌లో మళ్లీ లెక్కవేయకుండా పెట్టకండి. అప్పుడు ఫారం పంపే బటన్‌ని ఒకసారి నొక్కగానే నిద్రపుచ్చడం కూడా నేర్చుకోవాలి. నెట్ నెమ్మదిగా ఉంటే మనిషి మూడుసార్లు నొక్కుతాడు, మూడు ఆర్డర్లు పడతాయి.

కస్టమర్ టైపు చేసింది ఏదైనా మళ్లీ తెర మీద చూపిస్తుంటే, ఉదాహరణకి పేరు పెట్టి పలకరిస్తుంటే, జేక్వెరీలో టెక్స్ట్ వాడండి, హెచ్‌టీఎంఎల్ అనే ఫంక్షన్ వద్దు. రెండోది వాడితే వాళ్లు రాసిన ట్యాగులు నిజం ట్యాగులైపోతాయి. మీ పేజీలో ఇప్పుడు ప్రమాదం పెద్దగా లేదు గానీ, ఈ అలవాటు మొదటి రోజు నుంచీ ఉండాలి.

గూగుల్‌లో దొరికే పాత పాఠాల గురించి హెచ్చరిక. క్లిక్ తగిలించడానికి లైవ్ అని వాడమంటే ఆ పేజీ మూసేయండి, అది 2013లో వచ్చిన 1.9 వెర్షన్‌లోనే తీసేశారు. దాని బదులు ఆన్ వాడాలి. రెండు ఫంక్షన్లు ఇస్తే ఒకదాని తర్వాత ఒకటి నడిచే పాత టాగుల్ కూడా అప్పుడే పోయింది. ఆన్‌ని రెండు రకాలుగా వాడొచ్చు. నేరుగా బటన్లకి తగిలిస్తే ఆ క్షణంలో పేజీలో ఉన్న బటన్లకే తగులుతుంది. తర్వాత స్క్రిప్ట్‌తో కొత్త వంటకం చేరిస్తే దాని బటన్ మూగగా ఉంటుంది. అందుకని మెనూ మొత్తం ఉన్న పెద్ద డబ్బాకి తగిలించి, లోపల ఏ క్లాస్ నొక్కితే పలకాలో రెండో మాటగా చెప్పండి. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంటికీ ఒక వాచ్‌మన్‌ని పెట్టకుండా గేటు దగ్గర ఒకర్ని పెట్టినట్టు. కొత్తగా ఎవరు దిగినా ఆయనే చూసుకుంటాడు.

వెర్షన్ 3.5 కంటే పాతది తీసుకోకండి, 2020లో అందులో భద్రతకి సంబంధించిన లోపం ఒకటి సరిచేశారు. ఫైలుని డౌన్‌లోడ్ చేసి మీ సైట్‌లోనే పెట్టుకోండి. బయటి సీడీఎన్ (ఇలాంటి ఫైళ్లని అందరికీ అందించే సర్వర్లు) నుంచి తెచ్చుకుంటే వేరే సైట్‌లో దిగిన ఫైలు మనకీ పనికొస్తుందని పాత పాఠాల్లో రాస్తారు. బ్రౌజర్లు ఒక్కో సైట్ కోసం దాచుకున్న ఫైళ్లని (క్యాష్) విడిగా ఉంచడం మొదలుపెట్టాక ఆ లాభం పోయింది, 2020లో క్రోమ్ కూడా అలాగే మారింది. స్క్రిప్ట్ ట్యాగులకి డిఫర్ అని ఒక మాట చేర్చండి (పేజీ చదవడం అయ్యాకే స్క్రిప్ట్ నడుస్తుంది), ముందు జేక్వెరీ, తర్వాత మీ ఫైలు. వరస తారుమారైతే డాలర్ గుర్తు (జేక్వెరీకి కోడ్‌లో పొట్టిపేరు) ఏంటో నాకు తెలియదని ఎర్రర్ వస్తుంది. ఎప్పుడైనా వర్డ్‌ప్రెస్‌కి మారితే అక్కడ వరస సరిగ్గా ఉన్నా ఇలాంటి ఎర్రరే వస్తుంది, ఎందుకంటే అక్కడ డాలర్ గుర్తు వాడనివ్వరు, జేక్వెరీ అని పూర్తిగా రాయాలి.

ఆల్పైన్ అనే చిన్న లైబ్రరీ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. బాగుంటుంది, హెచ్‌టీఎంఎల్‌లోనే రాసుకోవచ్చు, ప్లస్, మైనస్ లెక్కలకి చక్కగా కుదురుతుంది. ఇప్పుడే వద్దు. ముందు ఈ మూడూ జేక్వెరీతో నడిపించి, నెల తర్వాత అదే పనిని లైబ్రరీ లేకుండా తిరిగి రాయండి. సగం వరసలు దాదాపు అలాగే ఉంటాయి, అప్పుడు మీ సీనియర్ మాటకి అర్థం తెలుస్తుంది.

ఏదైనా పనిచేయకపోతే ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో మొదటి ఎర్ర గీత చదవండి. చివరిది కాదు, మొదటిది. మిగతావి చాలాసార్లు దాని పిల్లలే. ఇక్కడ అడిగేటప్పుడు కూడా ఆ గీతని పెట్టండి, పనిచేయట్లేదు అని మాత్రమే రాస్తే మేం జ్యోతిష్యం చెప్పాల్సి వస్తుంది.

పేజీ పెట్టాక మీ ల్యాప్‌టాప్‌లో చూసి మురిసిపోకుండా, అక్క ఫోన్‌లో, మధ్యాహ్నం పన్నెండున్నర రద్దీలో, ఆవిడ చేతే తెరిపించండి. వేళ్లకి పిండి ఉంటుంది, బటన్లు ఎంత పెద్దగా ఉండాలో అప్పుడు తెలుస్తుంది. వెతికే పెట్టెలో కన్నడ అక్షరాలతో సారు అని కొట్టి చూడండి. చారు రాకపోతే ఆ కోడ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.